రహదారి అంటే రోడ్డు కాదు

“ఆడ్నే ఒక బండి కిరాయికి తీస్కోరాదు సార్? గంత దూరం మన బండే ఎందుకు?”

2019లో హనుమకొండలో ఒక ఆఫీసు బయట, చెట్టు కింద కూచుని ఫారాలు నింపిపెట్టే పెద్దమనిషి నన్నడిగిన ప్రశ్న ఇది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కోసం నా ఫారం నింపుతున్నాడాయన. నాకంటే ముందు నింపించుకున్న కుర్రాడు ఎమ్మెస్‌కి అమెరికా పోతున్నాడు. అక్కడి కారు నడుపుకోడానికి అతనికి ఆ పర్మిట్ కావాలి. నా సంగతి వేరు. టీఎస్ 03 నంబరున్న నా కారునే, వరంగల్ దుమ్ముతో సహా, బ్యాంకాక్ దాకా తోలుకుపోదామని నా ఆలోచన. ఆయనకేదో నవ్వుతూ సర్దిచెప్పాను గానీ, ప్రశ్న నాతోపాటే ఇంటికొచ్చింది.

మనిషి ఎల్ల దాటడం ఒకటి. తన బండితో సహా దాటడం ఇంకొకటి. రెండోదానికి అంత తతంగం ఎందుకు? పగలంతా ఆఫీసులో కోడ్ రాసుకునేవాణ్ణి కాబట్టి, ఏ రూల్ చూసినా దాని వెనక ఎప్పుడో ఎవడో చేసిన తప్పు ఒకటి ఉంటుందని నాకు నమ్మకం. ఆ తప్పును వెతుక్కుంటూ పోతే, వరంగల్ నుంచి బయల్దేరి మళ్ళీ వరంగల్‌కే వచ్చాను. అది కూడా ఏడొందల ఎనభై ఏళ్ళ కిందటి వరంగల్‌కి.

ముందు కాగితాల సంగతి. ఇవి రెండు రకాలు. మొదటి రకం డ్రైవర్‌కి: పాస్‌పోర్టు, వీసా, పర్మిట్. ఈ పర్మిట్ వెనక 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం ఉంది. మన దేశమూ అందులో ఉంది. పర్మిట్ ఏడాది చెల్లుతుంది. బండి వెనక కోడిగుడ్డు ఆకారంలో ‘ఐఎన్‌డీ’ అన్న అక్షరాలు ఉండాలని చెప్పేదీ ఈ ఒప్పందమే. బ్రిటిష్ కాలంలో ఆ చోట ‘బీఐ’ ఉండేది, అంటే బ్రిటిష్ ఇండియా. నంబరు ప్లేటు ఏ లిపిలోనైనా రాసుకోవచ్చు గానీ, రోమన్ అక్షరాల్లోనూ మామూలు అంకెల్లోనూ మళ్ళీ రాయాలి. ఇదంతా తేలికే. ఓపిక ఉంటే అయిపోతుంది.

కష్టం రెండో రకంతోనే. అది బండికి కావాల్సిన కాగితం. పేరు ‘కార్నే ద పసాజ్’. ఒకరకంగా కారుకి పాస్‌పోర్టు అనుకోండి. మన దేశంలో దీన్ని ఇచ్చేది ముంబైలో 1919లో పుట్టిన వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్. పుస్తకంలో ప్రతి పేజీకీ మూడు ముక్కలు. దేశంలోకి పోయేటప్పుడు అక్కడి కస్టమ్స్ వాళ్ళు ఒక ముక్క చించుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు ఇంకోటి చించుకుంటారు. మూడోది ముద్రలతో మన దగ్గరే మిగులుతుంది. లోపలికి పోయిన ముద్రకి జోడీగా బయటికొచ్చిన ముద్ర లేకపోతే, కారు అక్కడే అమ్ముకున్నావని అర్థం. అప్పుడు దిగుమతి సుంకం కట్టాలి. ఎవరు కడతారు? కార్నే ఇచ్చిన సంస్థ కడుతుంది, తర్వాత మన దగ్గర వసూలు చేసుకుంటుంది. అందుకే కార్నే చేతిలో పెట్టేముందే బ్యాంకు పూచీ అడుగుతుంది. ఆ మొత్తం కారు విలువని బట్టి, పోయే దేశాలని బట్టి మారుతుంది. కారు మీద లోను ఉంటే బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం కూడా.

మన చొక్కా మీద ఎవరికీ అనుమానం ఉండదు. సూట్‌కేసు మీద ఉన్నా కొంచెమే. కారు మాత్రం చక్రాలున్న సరుకు. ‘విహారయాత్రకొచ్చాను’ అని చెప్తుంది గానీ, ఎక్కడ కావాలంటే అక్కడ అమ్ముడుపోగలదు. 1954లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున దీనికోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందమే రాసుకున్నారు. సొంత వాహనాన్ని తాత్కాలికంగా తెచ్చుకుంటే సుంకం వద్దు, తిరిగి తీసుకుపోతానని పూచీ ఇస్తే చాలు అని దాని సారాంశం.

ఇంతవరకూ న్యాయంగానే ఉంది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఒక ఎడ్జ్ కేసు. దారిలో కారు కాలిపోతేనో, లోయలో పడిపోతేనో? మనిషి బతికి బయటపడ్డాడు, బండి లేదు. బయటికి పోయిన ముద్ర ఎలా పడుతుంది? జవాబు: అది నిజంగానే నాశనమైందని ఆ దేశపు కస్టమ్స్ వాళ్ళు ధ్రువీకరించాలి. లేకపోతే కాలిపోయిన కారుకి కూడా సుంకం బాకీ పడతాం. అంటే పరాయి నేల మీద చెడిపోయిన బండి ఎవరిది అనేదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకి ఓరుగల్లు నుంచి ఒక రాజు జవాబు రాయించాడు. క్రీస్తుశకం 1244-45లో.

*

బాపట్ల జిల్లాలో, సముద్రం ఒడ్డున మోటుపల్లి. ఇవాళ మామూలు పల్లెటూరు. కాకతీయుల కాలంలో మాత్రం తూర్పు తీరంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడి శాసన స్తంభం ఉంది. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. మన స్కూలు పుస్తకాల్లో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చి వెళ్ళిపోయింది, గుర్తుందా? నేనూ బట్టీ పట్టాను. అందులో ఏముందో మాత్రం కారు కాగితాల గొడవలో పడ్డాకే సరిగ్గా చదివాను.

సంగతేమిటంటే, అప్పటిదాకా రాజులకి ఒక అలవాటు ఉండేది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడ తుఫానులో దెబ్బతిని తమ తీరానికి కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం లాగేసుకునేవాళ్ళు. ఓడ పగిలిందా, సరుకు రాజుది. గణపతిదేవుడు ఆ శాసనంలో పాత రాజులు చేసిన ఈ పనిని పేరుపెట్టి చెప్పి మరీ, తాము ఆ పని చేయమని మాట ఇచ్చాడు. ప్రాణాలకంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామన్నాడు. ఎగుమతి మీదా దిగుమతి మీదా సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాల్లాంటి వాటికి వేరే లెక్కలు. అన్నీ రాతి మీద చెక్కించాడు, ఎవడొచ్చినా చదువుకునేట్టు.

సముద్రానికి అంత దూరంలో, కోట గోడల మధ్య ఉండే ఓరుగల్లు రాజుకి ఈ దయ ఊరికే పుట్టలేదు. గుర్రాలు సముద్రం దాటే రావాలి. దెబ్బతిన్న ఓడని దోచుకునే రేవుకి ఏ నావికుడూ కావాలని రాడు. ఇంకో పదేళ్ళు దోచుకుంటే వచ్చే ఆదాయం కంటే, నమ్మకంతో వచ్చే ముప్పయ్యో వంతు ఎక్కువని ఎవరో లెక్క కట్టి ఉంటారు. కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ వర్తకులకి హామీలిస్తూ శాసనం వేయించాల్సి వచ్చింది. రాజు మారితే అభయం కూడా రెన్యూ చేయించుకోవాలి కదా.

మోటుపల్లి శాసనాన్ని, కార్నేని పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండూ మాట్లాడేది ఒకే భయం గురించి. కానీ దిశ తిరగబడింది. మోటుపల్లిలో రాజు బాటసారికి పూచీ ఇచ్చాడు: నీది లాక్కోను, రా. కార్నేలో బాటసారి రాజ్యానికి పూచీ ఇస్తున్నాడు: నిన్ను మోసం చెయ్యను, రానివ్వు. ఈ ఏడొందల ఏళ్ళలో దొంగ ఎవరన్న అనుమానం రాజు మీంచి ప్రయాణికుడి మీదికి మారింది.

*

అది ఎప్పుడు మారింది? ఒక్క రోజున మారిందని చెప్పలేం గానీ, మారిన జాడ మన భాషలోనే ఉంది. ‘రహదారి’ అంటే ఇవాళ మనకి రోడ్డు. జాతీయ రహదారి, రహదారుల శాఖ. పాత తెలుగులో రహదారి అంటే రోడ్డు కాదు, ఆ రోడ్డు మీద పోనివ్వమని ఇచ్చే చీటీ. ఫార్సీలో ‘రాహ్’ దారి, ‘రాహ్‌దార్’ దారి కాపలావాడు, ‘రాహ్‌దారీ’ వాడికి కట్టే సుంకం, లేదా వాడికి చూపించే అనుమతి. మెల్లగా కాపలావాణ్ణి మర్చిపోయాం, చీటీని మర్చిపోయాం, దారికే ఆ పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు ‘రహదారి మూసేశారు’ అన్నప్పుడల్లా ఆ పాత అర్థమే ముందు గుర్తొస్తోంది నాకు.

చౌకీలూ చీటీలూ ఉన్న ఆ లోకంలో సొంత బండితో సుదీర్ఘ ప్రయాణానికి సిద్ధమైన తెలుగువాడు ఎవరని అడిగితే, నాకు తట్టే మొదటి పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. పల్లకీ, బోయీలు, డేరాలు, పెద్ద పరివారం. కడప, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్, జబల్పూర్, మిర్జాపూర్ మీదుగా కాశీ. ఇవాళ అదంతా ఒకే దేశం. అప్పుడు కంపెనీ రాజ్యంలో బయల్దేరి, నిజాం రాజ్యం దాటి, నాగపూర్ భోంస్లేల రాజ్యం దాటి, మళ్ళీ కంపెనీ రాజ్యంలోకి పోవడం. ఏ మజిలీకీ ఏ మజిలీకీ ఎంత దూరం, దారి ఎట్లా ఉంది, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది అని ఆయన రాసిపెట్టిన తీరు చూస్తే, తన వెనక ఇంకొకడు వస్తాడన్న స్పృహతో రాశాడని తెలిసిపోతుంది. ఇవాళ రోడ్డు ట్రిప్పుకి ముందు మనం వేసుకునే ఎక్సెల్ షీటు అదే.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. ఆయన ‘సొంత బండి’ మనుషుల భుజాల మీద నడిచింది. ఆయన దాటిన ప్రతి ఎల్లనీ బోయీలు కాళ్ళతో దాటారు. పుస్తకం మాత్రం ఆయన పేరు మీదే ఉంది.

*

రాజ్యాల మధ్య ఎల్లలంటే ఎక్కడో నాగపూర్ అవతల అనుకోనక్కర్లేదు. మా ఇంట్లోనే ఒక ఎల్ల కథ ఉంది. అమ్మమ్మ వాళ్ళది మదిర దగ్గర పల్లె. ఇప్పుడది ఖమ్మం జిల్లా. 1953లో ఖమ్మం విడిపోయేదాకా వరంగల్ జిల్లాయే. అంటే, నైజాం కాలంలో వరంగల్ జిల్లా ఒక పక్క నేరుగా బ్రిటిష్ కృష్ణా జిల్లాకి ఆనుకుని ఉండేది. మా తాత ఎడ్లబండిలో మిరపకాయలు వేసుకుని జగ్గయ్యపేట సంతకి పోయేవాడు. మధ్యలో కరోడ్‌గిరి నాకా. కరోడ్‌గిరి అంటే నిజాం సర్కారు కస్టమ్స్. కంపెనీతో 1802లో చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో నూటికి ఐదు అని సుంకం రాసుకున్నప్పటి నుంచీ ఆ ఎల్ల మీద లెక్కలు నడుస్తూనే ఉన్నాయి. నాకాలో బండిలోని గడ్డి కింద కర్రతో పొడిచి చూసేవాళ్ళని తాత చెప్పేవాడు.

తాత దగ్గర రెండు సంచులు ఉండేవి. ఒకదాంట్లో హాలీ సిక్కా, ఇంకోదాంట్లో కల్దార్లు. ఆరు కల్దార్లకి ఏడు హాలీ రూపాయలు. చదువు లేని మనిషి ఈ మారకాన్ని నోటిలెక్కన క్షణంలో తేల్చేవాడు. “గా దినం వేరే దేశమే బిడ్డా, బెజవాడంటే” అనేవాడు. ఆయన విదేశయాత్రలన్నీ నలభై కిలోమీటర్ల లోపే. అన్నీ సొంత బండి మీదే.

ఆ ఎల్ల ఒక గీతలాగా కూడా లేదు. కృష్ణా జిల్లా నడుమ పరిటాల చుట్టుపక్కల ఊళ్ళు నిజాంవి. చుట్టూ బ్రిటిష్ ఇండియా, మధ్యలో ద్వీపంలా హైదరాబాద్ రాజ్యం. ఇవాళ విజయవాడ పోతుంటే హైవే పక్కన ఆకాశమంత ఎత్తు ఆంజనేయస్వామి విగ్రహం కనిపిస్తుందే, ఆ ఊరే. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో ఒక పాత ‘విదేశం’లోకి పోయి, రెండు నిమిషాల్లో బయటపడతాం. ఎవరూ ముద్ర వెయ్యరు.

ఆ ఎల్ల పోవడం కూడా నెమ్మదిగానే పోయింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1950 రాజ్యాంగంలో 301వ అధికరణం దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలంటుంది. కొద్ది దూరంలోనే ఉండిన 306వ అధికరణం, పాత సంస్థానాల రాష్ట్రాలు కేంద్రంతో ఒప్పందం చేసుకుని ఇంకొన్నాళ్ళు సుంకాలు వేసుకోవచ్చంది. 1956లో ఆ అధికరణమూ పోయింది, హైదరాబాద్ రాష్ట్రమూ పోయింది. హాలీ సిక్కా మాత్రం 1959 దాకా జేబుల్లో మోగుతూనే ఉంది. తాత రెండో సంచి ఎప్పుడు మానేశాడో అడిగి ఉండాల్సింది.

*

ఎల్లలు చెరిగిపోయిన కథ ఇదైతే, పుట్టుకొచ్చిన కథ ఇంకోటుంది. మా బ్యాంకాక్ దారి మణిపూర్‌లోని మోరే దగ్గర దేశం దాటి, అవతల తము ఊళ్ళో బర్మాలోకి పోవాలి. మయన్మార్‌లో వెంట గైడు ఉండాలి. థాయిలాండ్‌కి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఆ కాగితాల పనిలో ఉండగానే 2020లో కోవిడ్ వచ్చింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్ సైన్యం అధికారం లాక్కుంది. నా పర్మిట్ ఒక్కసారి కూడా వాడకుండానే గడువు తీరిపోయింది.

ఆ ఖాళీలో మోరే గురించి చదువుతూ తెలుసుకున్నాను, ఆ దారి తెలుగువాళ్ళకి కొత్త కాదని. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలని కోరంగీలనేవాళ్ళు. వాళ్ళు రంగూన్ పోయినప్పుడు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1937 ఏప్రిల్ 1న బర్మాని విడదీశారు. వాళ్ళు ఎక్కడికీ కదల్లేదు, ఎల్లే వచ్చి వాళ్ళ వెనక నిలబడింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాక లక్షలమంది భారతీయులు నడక దారి పట్టారు. కొందరు అరకాన్ మీదుగా, కొందరు తము మీదుగా మణిపూర్‌కి. దారుల్లో కూడా తెల్లవాళ్ళకొకటి, నల్లవాళ్ళకొకటి అని ఆరోపణలు అప్పుడే వచ్చాయి. ఎందరు దారిలో రాలిపోయారో సరైన లెక్క లేదు. నేను ‘సీనిక్ రూట్’ అని మ్యాపులో నక్షత్రం గుర్తు పెట్టుకున్న రోడ్డు అది. ఆ గుర్తు తీసెయ్యలేదు గానీ, పేరు మార్చాను.

ఆ తర్వాత లండన్ అనుకున్నాం. 1957లో లండన్ నుంచి కలకత్తాకి బస్సే నడిచింది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్ యుద్ధంతో ఆ దారి చితికిపోయింది. కారుని ముంబైలో ఓడెక్కించి ఇరాన్‌లో దింపుకుందామంటే కార్నే తప్పదు. పూచీ లెక్క వేస్తే మా దారికి కారు ఖరీదును దాటింది. ముగ్గురం స్నేహితులం, ముగ్గురికీ ఈఎమ్ఐలు. వాట్సాప్ గ్రూపు పేరు ‘వరంగల్ టు లండన్’ నుంచి ‘చూద్దాం’గా మారింది.

చివరికి తేలింది నేపాల్. బాపుకి పశుపతినాథ్ చూడాలని ఎప్పట్నుంచో ఉంది. కార్నే వద్దు, వీసా వద్దు. 1950 ఒప్పందం పుణ్యమా అని మనుషులకి దాదాపు ఎల్లే లేదు. బండికి మాత్రం ఉంది. సునౌలి దగ్గర భన్సార్ కట్టాలి, అంటే నేపాల్ కస్టమ్స్. ఎన్ని రోజులుంటామో చెప్పి, రోజుల లెక్కన డబ్బు కట్టి, చీటీ తీసుకోవాలి. గడువు దాటితే జరిమానా. ఆ చీటీని చూడగానే ‘రహదారి’ అనుకున్నాను.

ఇన్సూరెన్స్ పాలసీకి కూడా అదనపు ప్రీమియం కట్టి ‘భౌగోళిక పరిధి’ పెంచుకోవాలి. పాలసీలో ఆరు దేశాల జాబితా ఉంటుంది: నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు. మాల్దీవులకి కారు తోలుకుపోయే మొనగాడెవరో నాకూ చూడాలని ఉంది. మారకం వంద మన రూపాయలకి నూట అరవై నేపాలీ రూపాయలు, 1993 నుంచీ మారలేదు. తాత అయితే దీన్ని కూడా నోటిలెక్కన చెప్పేసేవాడు.

దారి గీసుకుంటే నవ్వొచ్చింది. నిర్మల్ దగ్గర హైవే ఎక్కి నాగపూర్, జబల్పూర్, మిర్జాపూర్, కాశీ. కాశీ దాకా వీరాస్వామయ్య దారే. ఆయన నెలలకొద్దీ పోయిన చోటికి మేం మూడో రోజుకి చేరతాం. బోయీల బదులు టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్.

సంక్రాంతి అయ్యాక బయల్దేరుతున్నాం. అమ్మ సకినాల డబ్బా సీటు వెనక సర్దింది. చింతపండు తొక్కు ఎక్కడ ఒలుకుతుందోనని దానికో కవరు, కవరుకి ఇంకో కవరు. నేను కాగితాల ఫైలు ముందేసుకుని ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఓటరు కార్డులు, ఫోటోలు ఒక్కోటీ టిక్ పెడుతున్నాను. బాపు కుర్చీలో కూచుని చూస్తున్నాడు.

“ఆడ మన బండి ఖరాబైతే, మనదే అంటరా?” అనడిగాడు.

మోటుపల్లి గురించి చెప్దామనుకున్నాను. గణపతిదేవుడు, ముప్పయ్యో వంతు, కాలిపోయిన కారు, అన్నీ నోటిదాకా వచ్చాయి.

“మనదే బాపూ” అన్నాను.

“అయితే ఆర్సీ అసలుది బండ్ల పెట్టకు. జేబుల పెట్టుకో” అన్నాడు.

ఫైలులోంచి తీసి జేబులో పెట్టుకున్నాను.